అమెరికా జీతం, హైదరాబాద్ కుర్చీ: పన్ను లెక్కలో ఏ దారి ఎవరికి

కంపెనీ అమెరికాది. జీతం పడేది అమెరికా బ్యాంకులో, డాలర్లలో. మనిషి మాత్రం కూకట్‌పల్లిలోనో విజయవాడలోనో అమ్మానాన్నల ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటాడు. "డబ్బు ఇండియాకి రానే రావట్లేదు, ఇక్కడ పన్నెందుకు కట్టాలి?" అన్నది ఇలాంటివాళ్లందరూ మొదట అడిగే ప్రశ్న. మన ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో జీతం పుట్టేది పని చేసిన చోట. ఖాతా ఏ ఊళ్లో ఉంది, పేస్లిప్ ఎవరిచ్చారు, ఏ కరెన్సీ అన్నవి ఆ తర్వాతి సంగతులు. కాబట్టి మీరు ఇక్కడ కూర్చుని పని చేసిన ప్రతి రోజు జీతం మీదా ఇండియాకి హక్కు ఉంది. రెండు దేశాల మధ్య ఒప్పందం ఆ హక్కును ఆపుతుందా? ఆపకపోతే ఏ రూపంలో కడితే మంచిది? తేల్చుకోవాల్సింది ఈ రెండే.

2025 డిసెంబరు నుంచి ఈ గొడవ బాగా పెరిగింది. వీసా స్టాంపింగ్‌కి వచ్చిన హెచ్1బీ వాళ్ల అపాయింట్‌మెంట్లు సోషల్ మీడియా తనిఖీల పేరుతో నెలల తరబడి వెనక్కి జరిగాయి. పది రోజుల కోసం వచ్చినవాళ్లు వేసవి దాకా ఇక్కడే ఉండాల్సి వచ్చింది. కొందరు ఇక చాలనుకుని పిల్లల్ని ఇక్కడే స్కూల్లో వేశారు. వీళ్లందరి ముందూ ఉన్నవి నాలుగు దారులు. పాత డబ్ల్యూ-2 (అమెరికా పేరోల్ మీద ఉండే) ఉద్యోగంలోనే కొన్నాళ్లు ఇక్కడి నుంచి పని చేయడం, అదే ఉద్యోగంతో ఏళ్ల తరబడి లాగడం, ఇండియా పేరోల్‌లోకి మారడం, ఉద్యోగం వదిలి అదే కంపెనీకి కాంట్రాక్టర్‌గా పని చేయడం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కొన్ని నెలలకైతే మొదటిది, ఏడాది దాటితే మూడోది. నాలుగోది డబ్బులో అన్నిటికంటే లాభం, కానీ అందరికీ కాదు. రెండో దాని జోలికి పోకపోవడమే మంచిది, ఎక్కువమంది ఉన్నది మాత్రం దాంట్లోనే.

కొన్ని నెలల ముచ్చటైతే

భారత్, అమెరికా మధ్య 1989లో సంతకమైన పన్ను ఒప్పందంలో 16వ అధికరణం జీతాల గురించి. దాని సారం ఇది. మీరు పన్ను లెక్కలో అమెరికా రెసిడెంట్ అయి, ఆ పన్ను సంవత్సరంలో ఇండియాలో ఉన్నది 183 రోజులు మించకపోతే, జీతం ఇచ్చేది ఇండియా కంపెనీ కాకపోతే, ఆ జీతం ఖర్చు కంపెనీవారి ఇండియా బ్రాంచి నెత్తిన పడకపోతే, ఇక్కడ పని చేసిన రోజులకు కూడా ఇండియాలో పన్ను లేదు. మూడు షరతులూ కలిసి నెరవేరాలి. చాలామందికి నెరవేరతాయి కూడా. జీతం మొత్తానికీ అమెరికాలో మామూలుగా పన్ను కట్టుకుంటారు, ఇక్కడ ఏమీ ఉండదు.

తేదీలతో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒకతను డిసెంబరు 10న శంషాబాద్‌లో దిగాడనుకుందాం. మార్చి 31 వరకు లెక్కేస్తే 112 రోజులు. ఏప్రిల్ 1 నుంచి కొత్త సంవత్సరం, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. అతను సెప్టెంబరు 28న విమానం ఎక్కేస్తే కొత్త సంవత్సరంలో 181 రోజులు. ఒక్క రోజు ఆలస్యమై 29న ఎక్కితే 182. ఒప్పందం గీత 183 అయినా, మన చట్టం ప్రకారం 182 రోజులకే ఇండియా రెసిడెంట్. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. కుటుంబంలో పెళ్లి ఉందని టికెట్ రెండు రోజులు వెనక్కి జరిపేముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇక్కడ అద్దెలు, డిపాజిట్ల వడ్డీ, అమ్మిన స్థలం మీద లాభం లాంటివన్నీ కలిపి ఏడాదికి 15 లక్షలు దాటితే, విజిట్‌కి వచ్చిన పౌరులకు 182 రోజుల గడువు 120కి తగ్గిపోతుంది. అది కూడా అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇక్కడ ఉన్నవాళ్లకే. కోవిడ్ తర్వాత ఏడాదికి మూడునాలుగు నెలలు వచ్చి ఉండే అలవాటైనవాళ్లు ఆ 365 తేలిగ్గా దాటేస్తారు. నార్సింగిలో ప్లాట్ అమ్ముదామని కూడా అదే ట్రిప్పులో అనుకుంటే రెండు షరతులూ ఒకేసారి తగులుకుంటాయి. అలా రెసిడెంట్ అయినా, విదేశీ ఆదాయం జోలికి రాని "నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్" హోదాయే వస్తుంది కాబట్టి మరీ భయపడక్కర్లేదు. కానీ అప్పుడు ఒప్పందం ప్రకారం మీరు ఏ దేశపు రెసిడెంట్ అన్నది వేరే నిరూపించుకోవాలి.

ఒప్పందం వాడుకోవాలంటే కాగితం కావాలి. అమెరికా పన్ను శాఖ ఇచ్చే రెసిడెన్సీ సర్టిఫికెట్‌ని ఫారం 6166 అంటారు. దానికి ఫారం 8802 మీద దరఖాస్తు పెట్టుకోవాలి, అది చేతికి రావడానికి వారాలు పడుతుంది. ఇండియా వైపు ఫారం 10ఎఫ్ (పాత చట్టం నాటి నంబరు). నోటీసు వచ్చాక వెతుక్కునే బదులు ముందే పెట్టి ఉంచుకోండి.

కంపెనీ భయం వేరు. మీరు ఇక్కడ కూర్చుని కస్టమర్లతో ధరలు మాట్లాడి ఒప్పందాలు కుదిరిస్తే, కంపెనీకే ఇండియాలో శాశ్వత వ్యాపార స్థానం ఏర్పడిందని ఇక్కడి పన్ను శాఖ అనొచ్చు. అలా అంటే దాని లాభంలో వాటా అడుగుతుంది. కోడ్ రాసేవాడికంటే సేల్స్‌లో ఉన్నవాడికి అందుకే అనుమతి దొరకడం కష్టం. మేనేజర్ నోటి మాటగా సరేనన్నాడని ఊరుకోకుండా హెచ్ఆర్ నుంచి తేదీలతో మెయిల్ తెప్పించుకోండి.

అదే డబ్ల్యూ-2తో ఏళ్ల తరబడి

శాశ్వతంగా వచ్చేశారు, కంపెనీ కూడా "నీ ఇష్టం, ఎక్కడి నుంచైనా చెయ్" అంది, పేరోల్ మాత్రం మార్చలేదు. బయటికి ఇంతకంటే హాయి లేదనిపిస్తుంది. ఒక్కసారి పేస్లిప్ తెరిచి చూడండి. ఫెడరల్ పన్ను కోత. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం. మెడికేర్ 1.45 శాతం. పాత అడ్రస్ కాలిఫోర్నియాదైతే రాష్ట్రపు పన్ను, దాని కింద రాష్ట్ర వికలాంగుల బీమా. మనిషి మియాపూర్‌లో ఉంటే కోతలన్నీ శాన్‌హోసేవి. ఇండియాకి కట్టాల్సిన టీడీఎస్ గడి మాత్రం ఎక్కడా ఉండదు.

హెచ్1బీ వదిలి వచ్చేసి, అమెరికా పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అయ్యాక, బయట చేసిన పనికి వచ్చే జీతం మీద అమెరికాకి ఆదాయపు పన్ను హక్కు లేదు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కూడా వర్తించవు. అంటే ఆ కోతలన్నీ అనవసరంగా పడుతున్నవే. ఏడాదికి లక్ష డాలర్ల జీతానికి చివరి రెండే 7,650 డాలర్లు, కంపెనీ తన వాటాగా అంతే మళ్లీ కడుతుంది. భారత్‌కీ అమెరికాకీ సామాజిక భద్రత ఒప్పందం లేదు కాబట్టి ఆ డబ్బును ఇక్కడి పీఎఫ్‌తో సర్దుకునే వీలు కూడా లేదు.

"అమెరికాలో కట్టాను కదా, దాన్ని ఇండియాలో క్రెడిట్‌గా చూపిస్తాను" అనుకునేవాళ్లు చాలామంది. చిక్కంతా ఇక్కడే. ఒప్పందం ప్రకారం అమెరికాకి చెందాల్సిన పన్ను కట్టి ఉంటేనే ఇండియా క్రెడిట్ ఇస్తుంది. ఇండియాలో కూర్చుని చేసిన పనికి అమెరికాకి హక్కే లేనప్పుడు, పొరపాటున కోసినదానికి ఇక్కడి అధికారి క్రెడిట్ ఎందుకిస్తాడు? సరైన పద్ధతి ఏమిటంటే, ఇండియాలో పూర్తి పన్ను కట్టేసి, అమెరికాలో నాన్ రెసిడెంట్లు వేసే 1040-ఎన్ఆర్ రిటర్ను వేసి కోసినది వెనక్కి తెచ్చుకోవడం. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ డబ్బు ముందు కంపెనీని అడగాలి, వాళ్లు కుదరదంటే అమెరికా పన్ను శాఖకి ఫారం 843 పెట్టాలి. ఈలోగా రెండు దేశాల పన్నూ మీ జేబులోంచే పోయి ఉంటుంది.

ఇండియా వైపు టీడీఎస్ లేదు కాబట్టి అడ్వాన్స్ టాక్స్ మీరే కట్టుకోవాలి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి పూర్తిగా. తప్పితే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ. డాలర్ జీతాన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు గూగుల్ చూపించే రేటు కాదు, ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటు (బ్యాంకు డాలర్లు కొనే రేటు) తీసుకోవాలి. ఏ నెల జీతమైతే దాని ముందు నెల చివరి రోజు రేటు. పన్నెండు నెలలకు పన్నెండు రేట్లు. అసలైతే ఇండియాలో పని చేయించుకుంటున్నందుకు టాన్ (టీడీఎస్ కోసేవాళ్లకిచ్చే నంబరు) తీసుకుని టీడీఎస్ కోయాల్సిన బాధ్యత విదేశీ కంపెనీకి కూడా ఉంది. ఒక్క ఉద్యోగి కోసం ఆ పని చేసే కంపెనీలు అరుదు. ఇక్కడ స్థిరపడ్డాక సంపాదించిన డాలర్లను అక్కడి ఖాతాలోనే పోగేసుకుంటానంటే ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలతో పేచీ వస్తుంది. అక్కడ ఉన్నప్పుడు కూడబెట్టినది అక్కడే ఉంచుకోవచ్చు, అది వేరే సంగతి.

కంపెనీ పేరోల్ వాళ్లకు చెప్పి అమెరికా కోతలన్నీ ఆపించగలిగితే ఈ దారి కొంత నయం. న్యూయార్క్ కంపెనీ అయితే మాత్రం ఇంకోసారి ఆలోచించాలి. సొంత సౌకర్యం కోసం బయటి నుంచి పని చేస్తే ఆ రోజుల జీతాన్ని కూడా న్యూయార్క్‌లో సంపాదించినట్టే లెక్కగట్టే నిబంధన ఆ రాష్ట్రానికి ఉంది. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ వాళ్లకు జీతం మీద రాష్ట్రపు పన్నే లేదు కాబట్టి ఈ బాధ లేదు.

ఇండియా పేరోల్

దీని గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. కంపెనీకి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సొంత సంస్థ ఉంటే అందులోకి బదిలీ. లేకపోతే కంపెనీ తరఫున ఇక్కడ ఉద్యోగుల్ని పెట్టుకునే సంస్థలున్నాయి, వాటిని ఈఓఆర్ అంటారు. ఉద్యోగం వాళ్ల పేరున, పని మీ పాత టీముకి. ఫారం 16 వస్తుంది, టీడీఎస్ నెలనెలా పోతుంది, పీఎఫ్ ఉంటుంది, 200 రూపాయల వృత్తి పన్ను కూడా ఉంటుంది. ఈఓఆర్‌కి కంపెనీ నెలకు కొన్ని వందల డాలర్ల ఫీజు కడుతుంది.

బాధపెట్టేది జీతం అంకె. సొంత ఇండియా సంస్థలోకి మారితే గచ్చిబౌలి మార్కెట్ ప్రకారం జీతం కోసేస్తారు. ఈఓఆర్‌లో కొంచెం బేరానికి చోటు ఉంటుంది. పన్ను ఎంతవుతుందో ఒక అంకె వేసి చూద్దాం. ఏడాదికి 60 లక్షల జీతం, 2025-26 కొత్త విధానం. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 59.25 లక్షలు. 24 లక్షల వరకు పన్ను 3 లక్షలు, పైదానికి 30 శాతం, 50 లక్షలు దాటింది కాబట్టి 10 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్. మొత్తం 15.53 లక్షలు. కొత్త విధానంలో ఇంటద్దె, 80సీ లాంటివి లేవు. మిగిలిన ఒక్క పెద్ద మినహాయింపు, కంపెనీ మీ పేరున ఎన్‌పీఎస్ పెన్షన్ ఖాతాలో వేసే సొమ్ము, బేసిక్‌లో 14 శాతం వరకు. బేసిక్ 30 లక్షలైతే 4.2 లక్షలు అటు మళ్లించుకోవచ్చు, దాంతో 1.44 లక్షల పన్ను తగ్గుతుంది. పీఎఫ్‌తో కలిపి ఏడాదికి 7.5 లక్షలు దాటకుండా చూసుకుంటే చాలు. ఆఫర్ లెటర్ రాసేటప్పుడే ఇది అడగాలి. చేరిన తర్వాత అడిగితే చాలా కంపెనీలు వచ్చే ఏప్రిల్ దాకా ఆగమంటాయి.

కాంట్రాక్టర్‌గా

అందరి కళ్లూ దీని మీదే ఉంటాయి, కారణం 44ఏడీఏ. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి గానీ, అందరి నోటా ఉన్నది పాత పేరే కాబట్టి అలాగే అంటాను. ఇంజినీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ లాంటి వృత్తుల్లో ఉన్న రెసిడెంట్లు, ఏడాది రాబడి 75 లక్షలు దాటకపోతే, నగదు రూపంలో వచ్చింది 5 శాతం లోపే అయితే, వచ్చినదాంట్లో సగమే లాభంగా చూపించొచ్చు. బిల్లులు, పద్దులు అక్కర్లేదు.

అదే 60 లక్షలు కాంట్రాక్టర్‌గా వస్తే లాభం 30 లక్షలు, పన్ను 4.99 లక్షలు. పేరోల్‌లో 15.53. తేడా పదిన్నర లక్షలు. ఇది ఎవరికైనా ఊరించే అంకె. అడ్వాన్స్ టాక్స్ కూడా మార్చి 15న ఒకేసారి కడితే సరిపోతుంది. అమెరికా వైపు, మీరు విదేశీయులని చెప్పే డబ్ల్యూ-8బెన్ ఫారం ఇస్తే అక్కడ కోత ఏమీ ఉండదు.

ఇప్పుడు దీని రెండో ముఖం చూద్దాం. 75 లక్షల గీత దగ్గర మెట్టు లేదు, నేరుగా గొయ్యే. రాబడి సరిగ్గా 75 లక్షలైతే లాభం 37.5 లక్షలు, పన్ను 7.33 లక్షలు. రాబడి 76 లక్షలైతే ఆ సౌకర్యం మొత్తం పోతుంది. అసలు ఖర్చులు చూపించాలి, పద్దులు రాయాలి, ఆడిట్ చేయించాలి. ఇంట్లోంచి కోడ్ రాసేవాడికి ఖర్చులేముంటాయి? ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, గది అద్దె, సీఏ ఫీజు కలిపి ఆరు లక్షలు చూపించాడనుకున్నా 70 లక్షల లాభం మీద పన్ను 19.22 లక్షలు. ఒక్క లక్ష ఎక్కువ సంపాదించినందుకు దాదాపు 12 లక్షలు పన్ను.

మీరు రేటు పెంచకపోయినా ఈ గీత దాటొచ్చు. నెలకు 7,000 డాలర్ల కాంట్రాక్టు అంటే ఏడాదికి 84,000. డాలర్ 89 రూపాయలుంటే 74.76 లక్షలు. 90 అయితే 75.6 లక్షలు. 2025 డిసెంబరులో డాలర్ 90 దాటినప్పుడు ఇలాంటి కాంట్రాక్టులున్నవాళ్లకు ఎంత టెన్షనో ఊహించుకోండి. నన్నడిగితే గీతకి ఆనుకుని రేటు కుదుర్చుకోకూడదు. నెలకు 6,500 దగ్గర ఆగితే 90 రూపాయల రేటుకి 70.2 లక్షలు, కాస్త ఊపిరి ఆడుతుంది. లేదంటే గీతకి ఎంతో పైన ఉండాలి, అప్పుడు ఆడిట్ ఎలాగూ తప్పదు కాబట్టి పేరోల్‌తో పోలిస్తే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు.

తర్వాత జీఎస్టీ. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే తెలంగాణలోనైనా ఆంధ్రాలోనైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కస్టమర్ విదేశంలో ఉండి, డబ్బు విదేశీ మారకంలో వస్తే అది సేవల ఎగుమతి, పన్ను సున్నా. కానీ ఆ సున్నా ఊరికే రాదు. ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ (ఎగుమతికి ఇచ్చే హామీ పత్రం) వేయాలి, బ్యాంకు నుంచి విదేశీ చెల్లింపు పత్రం తెచ్చుకోవాలి, రిటర్నులు టైముకి వేయాలి. "పన్నే లేనప్పుడు రిజిస్ట్రేషన్ దేనికి" అని వదిలేసినవాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు. ఇంకోటి, కంపెనీ సౌకర్యం కోసం తన ఇండియా సంస్థ నుంచి రూపాయల్లో చెల్లిస్తానంటే ఒప్పుకోకండి. ఇక్కడి సంస్థకి బిల్లు వేశాక అది ఎగుమతి కాదు, 18 శాతం జీఎస్టీ పడుతుంది.

డబ్బు లెక్కలో కనిపించని నష్టాలు కొన్ని. ఇంటి లోన్‌కి బ్యాంకు పేస్లిప్ అడగదు, రెండుమూడేళ్ల రిటర్నులు అడుగుతుంది. వాటిలో మీ ఆదాయం 60 కాదు, 30 లక్షలు. లోన్ కూడా దాని ప్రకారమే వస్తుంది. కోకాపేటలో ఫ్లాట్ కొనాలని వచ్చినవాళ్లకు ఇది గట్టి దెబ్బ. గ్రాట్యుటీ లేదు, సెలవుకి జీతం లేదు, తల్లిదండ్రులను చేర్చుకునే గ్రూప్ ఇన్సూరెన్స్ లేదు. అరవై ఐదేళ్ల నాన్నకి షుగరు, బీపీ ఉంటే సొంతంగా పాలసీ ఎంతవుతుందో ఒకసారి కోట్ తీసుకుని చూడండి. విదేశీ ఆస్తులు చూపించాల్సిన స్థితికి వచ్చినవాళ్లకు తేలికైన ఐటీఆర్-4 పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి.

అసలు మీరు నిజంగా కాంట్రాక్టరేనా అన్నది కూడా చూడాలి. నిన్నటిదాకా ఉద్యోగి, ఈ రోజు నుంచి కాంట్రాక్టర్. అదే మేనేజర్, అదే ల్యాప్‌టాప్, రోజూ అదే స్టాండప్ మీటింగు, సెలవు కావాలంటే అదే పోర్టల్లో దరఖాస్తు. ఇది వృత్తి రాబడి కాదు, జీతమే అని అధికారి అంటే వాదించడం కష్టం. సొంత పరికరాలు, పనికింత అని రాసుకున్న ఒప్పందం, వేరే కస్టమర్లని పెట్టుకునే స్వేచ్ఛ ఉన్నవాళ్లకే ఈ దారి సూటిగా వర్తిస్తుంది. వయసు ముప్పై, లోన్ అవసరం లేదు, ఇద్దరు ముగ్గురు కస్టమర్లున్నారు అంటే కళ్లు మూసుకుని దీన్ని ఎంచుకోమంటాను. నలభై దాటి, పిల్లలు, పెద్దవాళ్లు, ఒకే కంపెనీ అయితే పదిన్నర లక్షల్లో సగమైనా ఎక్కువ ఇస్తే తప్ప వద్దంటాను.

పాత పొదుపులు, ఆర్ఎస్‌యూలు

పై నాలుగింటిలో ఏది ఎంచుకున్నా ఈ సంగతి మారదు. ఎనిమిది, పదేళ్లు అమెరికాలో ఉండి వచ్చినవాళ్లకు సాధారణంగా రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు "నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్" హోదా ఉంటుంది. అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయినా, ఏడేళ్లలో కలిపి 729 రోజులు మించి ఇక్కడ ఉండకపోయినా అది వర్తిస్తుంది. ఆ కాలంలో అక్కడి బ్యాంకు వడ్డీ, షేర్ల లాభం, 401కే (అక్కడి రిటైర్‌మెంట్ ఖాతా) పెరుగుదల మీద ఇండియా పన్ను వేయదు. ఇక్కడ కూర్చుని సంపాదించే జీతానికి మాత్రం ఈ హోదా గొడుగు పట్టదు. ఈ రెండింటినీ కలిపేసుకుని "నాకు మూడేళ్లు పన్ను లేదు" అని ధీమాగా తిరిగేవాళ్లు ఉన్నారు.

ఆర్ఎస్‌యూలంటే కంపెనీ ఉద్యోగికి ముందే రాసిచ్చి (గ్రాంట్), కొంతకాలం పని చేశాక చేతికిచ్చే (వెస్ట్) షేర్లు. అక్కడ ఇచ్చి ఇక్కడికి వచ్చాక వెస్ట్ అయ్యేవాటిని రోజుల లెక్కన విడగొట్టాలి. గ్రాంట్ నుంచి వెస్ట్ వరకు అమెరికాలో పని చేసిన వాటా ఒకటి, ఇండియాలో చేసిన వాటా ఒకటి. ఈ హోదా ఉన్నంతకాలం మొదటి వాటా మీద ఇక్కడ పన్ను ఉండదు. కంపెనీ ఇండియా పేరోల్ సాఫ్ట్‌వేర్ ఇవేవీ చూడకుండా మొత్తానికీ టీడీఎస్ కోసేస్తుంటుంది, రిటర్నులో సరిచేసుకోవాలి. అమ్ముదామనుకున్న షేర్లు ఆ హోదా ఉండగానే అమ్మడం మేలు. ఎలాగూ నాన్ రెసిడెంట్లకు షేర్ల లాభం మీద అమెరికాలోనూ పన్ను లేదు. అట్టిపెట్టుకుంటే ఇంకో ప్రమాదం ఉంది. అమెరికా పౌరుడూ అక్కడి నివాసీ కాని మనిషి చనిపోతే, అమెరికా షేర్లలో 60 వేల డాలర్లు దాటినదానికి అక్కడి ఎస్టేట్ పన్ను 40 శాతం దాకా పోతుంది. ఈ సంగతి మన కుటుంబాల్లో ఎవరూ మాట్లాడుకోరు.

హోదా గడువు తీరి మామూలు రెసిడెంట్ అయ్యాక 401కేకి ఫారం 10ఈఈ వేసి పన్నును డబ్బు తీసుకునేనాటికి వాయిదా వేసుకోవచ్చు. విదేశీ ఆస్తుల షెడ్యూల్ అప్పటి నుంచి ప్రతి ఏడాదీ నింపాలి. స్థిరాస్తి కాని ఆస్తులు 20 లక్షలు దాటి ఉండి చూపించకపోతే జరిమానా 10 లక్షలు.

అమెరికా పాస్‌పోర్టు ఉంటే లెక్క తిరగబడుతుంది

ఇంతవరకు చెప్పింది ఇండియా పాస్‌పోర్టు వాళ్లకు. ఓసీఐ కార్డుతో వచ్చిన అమెరికా పౌరులు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాలో రిటర్ను వేయాల్సిందే. ఏడాదిలో 330 రోజులు బయట ఉంటే సంపాదనలో కొంత భాగానికి మినహాయింపు ఉంది, 2025కి 1,30,000 డాలర్లు. పైదానికి ఇండియాలో కట్టిన పన్ను క్రెడిట్‌గా వస్తుంది. ఇక్కడి రేటు ఎక్కువ కాబట్టి ఆదాయపు పన్నుతో పెద్ద ఇబ్బంది రాదు.

ఇబ్బంది సోషల్ సెక్యూరిటీతో. పౌరుడు కాంట్రాక్టర్‌గా పని చేస్తే లాభం మీద 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కట్టాలి, ఆ మినహాయింపు దీనికి వర్తించదు. పైగా అమెరికా 44ఏడీఏ సగాన్ని ఒప్పుకోదు, అసలు ఖర్చులు తీసేసి మిగిలినదంతా లాభమే. ఇండియా పాస్‌పోర్టు ఉన్న తమ్ముడికి పదిన్నర లక్షలు మిగిల్చిన దారిలోనే అన్నకి దాదాపు తొమ్మిది లక్షలు అటు పోతాయి. అమెరికా కంపెనీ డబ్ల్యూ-2లోనే ఉంటే 7.65 శాతం కోత ఎక్కడున్నా తప్పదు. ఇండియా సంస్థ పేరోల్‌లో ఉంటే ఆ కోత లేదు. కాబట్టి పౌరులకు నా ఓటు ఇండియా పేరోల్‌కే.

అందులోనూ ఒక ముల్లుంది. విదేశీ పౌరులను పీఎఫ్ శాఖ అంతర్జాతీయ ఉద్యోగులుగా చూస్తుంది. 15 వేల పరిమితి లేకుండా పూర్తి వేతనం మీద 12 శాతం కట్టాలి, డబ్బు సాధారణంగా 58 ఏళ్లకు గానీ చేతికి రాదు. ఈ నిబంధనని కర్ణాటక హైకోర్టు 2024లో కొట్టేసింది, ఢిల్లీ హైకోర్టు 2025లో సమర్థించింది. గ్రీన్‌కార్డు వాళ్లదీ పన్ను విషయంలో ఇంచుమించు పౌరుల లెక్కే. పైగా ఒప్పందం చూపించి నాన్ రెసిడెంట్‌గా రిటర్ను వేస్తే కార్డు వదులుకున్నట్టు అర్థం తీసే అవకాశం ఉంది. ఎనిమిదేళ్లు దాటిన కార్డయితే వదులుకునేటప్పుడు ఫారం 8854తో ఇంకో లెక్క మొదలవుతుంది, దానికి ముందు అమెరికా సీపీఏకి ఫీజు కట్టి కూర్చోవడం తప్పనిసరి.

కంపెనీతో బేరం

పేరోల్ మార్చమని అడిగేటప్పుడు చాలామంది మొహమాటపడతారు, తామే ఏదో ఉపకారం అడుగుతున్నట్టు. లక్ష డాలర్ల ఉద్యోగి డబ్ల్యూ-2 నుంచి బయటికి వస్తే కంపెనీకి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ వాటా 7,650 డాలర్లు మిగులుతుంది, అమెరికా ఆరోగ్య బీమా ప్రీమియం దానికి అదనం. ఈఓఆర్ ఫీజు ఆ మిగులులోనే సరిపోతుంది. ఈ అంకె పెట్టి అడగండి. మార్పు తేదీ నెల మొదటి రోజు నుంచి ఉండేలా, ఆ తర్వాతి జీతానికి అమెరికా కోతలు ఉండవని రాతలో ఉండేలా చూసుకోండి. జనవరిలో మారితే అమెరికా రిటర్ను తేలిక, ఏప్రిల్‌లో మారితే ఇండియా రిటర్ను తేలిక. రెండూ ఒకేసారి కుదరవు కాబట్టి నేనైతే జనవరి అంటాను. రెండు దేశాల్లోనూ వెనక్కి రాబట్టుకోవడం కష్టమైన డబ్బు అమెరికాలో కోసినదే.